అగ్గిబాటలో రాజు వంతు

అనగనగా ఒక రాజు. ఆయన పేరు నేను చెప్పను, అడగొద్దు. ఎందుకు చెప్పనో కథ అయ్యాక మీకే తెలుస్తుంది. ఊ కొడుతూ వినండి. ఎవరైనా నిద్రపోయారో, లేపి మళ్ళీ మొదటి నుంచి చెబుతాను.

ఆ రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతుడు, నడిపివాడు రత్నకేతుడు, చిన్నవాడు చండకేతుడు. పెద్దవాడికి వేటాడటం ఇష్టం. నడిపివాడికి వేటాడినదాన్ని కాల్చుకు తినడం ఇష్టం. చిన్నవాడికి ముక్కు మీద కోపం. గుర్రానికి దాణా వెయ్యకపోతే కోపం, ముసలివాళ్ళని ఎండలో నిలబెడితే కోపం, అబద్ధం వింటే మరీ కోపం. "వీడి కోపం ఎందుకూ కొరగాదు" అని రాజుగారు విసుక్కునేవారు. ఆయనకేం తెలుసు, పాపం. పాపం అన్నానా? అనకూడదు. ఆయన మీద జాలి అక్కర్లేదు.

రాజుగారి కోట ఒక గుట్ట మీద ఉండేది. గుట్ట కింద ఇప్పగూడెం అనే ఊరు. ఊరి వెనక నల్లకోన అనే పెద్ద అడవి. తేనె ఆ అడవిదే, కట్టె ఆ అడవిదే, వాగులో నీళ్ళు ఆ అడవి దయే. అంత అడవికి ఒక్కటే భయం, ఎండాకాలంలో అగ్గి. ఆకంతా రాలి, గడ్డంతా ఎండి, ఒక్క రవ్వ పడిందంటే కొండకి కొండ అంటుకుంటుంది.

అందుకని తాతలనాటి నుంచి అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. శివరాత్రి వెళ్ళి ఆకు రాలడం మొదలవగానే ఇంటికొకరు వచ్చి, ఊరికీ అడవికీ మధ్య అడ్డంగా, వాగు దగ్గర నుంచి నల్లబండ దాకా, నాలుగు బళ్ళు పక్కపక్కన పోయేంత వెడల్పున నేల చదును చేసేవారు. గడ్డి కోసేవారు, పొదలు నరికేవారు, ఎండాకు ఊడ్చేవారు. దాన్ని అగ్గిబాట అనేవారు. అడవిలో మంట పుట్టినా ఆ బాట దగ్గరికి వచ్చేసరికి దానికి తినడానికి పుల్ల దొరకదు, ఆకు దొరకదు. అక్కడే చస్తుంది.

ఆ బాటలో ఎవరి వంతు వారిది. కుమ్మర్లకి ఒక వంతు, గొల్లలకి ఒక వంతు, కోటలో భటులకి ఒక వంతు. నల్లబండ పక్కనున్న చివరి ముక్క రాజు వంతు. రాజు స్వయంగా చీపురు పట్టి ముందు తను ఊడవాలి, ఆ తర్వాత మిగిలినవాళ్ళు సాయం పట్టాలి. పని అయ్యాక ఇప్పగూడెంలో నేల మీద కూర్చుని అంబలి తాగి వెళ్ళాలి. రాజు ఊడవకముందు రాజు వంతు ఎవరూ ముట్టకూడదు. ముట్టారంటే రాజు చచ్చినట్టు లెక్క.

మన రాజుగారికి ఆ చీపురంటే ఒళ్ళు మంట. నడుము నొప్పి అనేవారు. అంబలి పడదు అనేవారు. సరిగ్గా అలాంటి సమయంలో కంకాళుడు అనే మాంత్రికుడు కోటకి వచ్చాడు.

"మహాప్రభూ! భూమండలాన్ని ఏలే చేతులతో చీపురు పట్టడమా? నా కళ్ళు పోవాలి!" అని చెంపలు వేసుకున్నాడు. "నేను అడవి చుట్టూ మంత్రరేఖ గీస్తాను. ఒక్క నిప్పురవ్వ దాటితే నన్ను ఉరితియ్యండి. కానీ ఒక నియమం. ఇక మీద మామూలు మనిషి అడవిలో అడుగు పెట్టకూడదు, అగ్గిబాటలో అడుగు పెట్టకూడదు. పెడితే రేఖ తెగుతుంది."

రాజుగారు ఎగిరి గంతేశారు. అగ్గిబాట మానెయ్యమని దండోరా వేయించారు. మాంత్రికుడికి మేడ కట్టించారు.

అసలు సంగతి మీకు చెబుతాను. మంత్రరేఖా లేదు, మట్టీ లేదు. కంకాళుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఏడు సముద్రాల అవతల దాచడానికి వాడికి పడవంటే వాంతులు. కోటలో దాచడానికి పిల్లుల భయం. అందుకని అగ్గిబాట అంచున ఉన్న ముసలి మద్దిచెట్టు తొర్రలో, బంగారు పంజరంలో పెట్టి, తొర్రకి రాయి అడ్డం పెట్టాడు. ఏటా అంతమంది వచ్చి ఊడుస్తుంటే ఎవరో ఒకరు చిలక అరుపు వినరా? వింటారు. అందుకని ఊడవడమే మాన్పించాడు. ఒక్కడి ప్రాణం దాక్కోవడానికి ఊరందరి ప్రాణాలూ బయట పెట్టాడన్నమాట. నాకు చెబుతుంటేనే ఒళ్ళు మండుతోంది.

ఇప్పగూడెంలో గురవమ్మ అని ఒక పిల్ల ఉండేది. తల్లీ తండ్రీ లేరు. ఓబులేసు అనే తాత పెంచాడు. ఆ పిల్లకి కొడవలి ఎంత పదునో నోరూ అంతే పదును. ఏటా కోటకి వెళ్ళి, "సామీ, బాటలో గడ్డి నా ఎత్తు పెరిగింది. కొయ్యనియ్యండి" అని అడిగేది. ఏటా వెళ్ళగొట్టేవారు. మొదటిసారి మంచిమాటతో వెళ్ళగొట్టారు. రెండోసారి తిట్టి వెళ్ళగొట్టారు. మూడోసారి చేతిలో కొడవలి లాక్కుని వెళ్ళగొట్టారు.

మామూలు మనిషికే గాని రాజకుమారులకి నియమం ఉంటుందా? పెద్దవాళ్ళిద్దరూ నల్లకోనలో వేటకి వెళ్ళారు. జింకను కొట్టారు, కాల్చారు, తిన్నారు, చేతులు కడుక్కుని గుర్రాలెక్కి వచ్చేశారు. ఆ చేతుల మీద పోసుకున్న నీళ్ళలో ఒక్క చెంబెడు నిప్పుల మీద పోస్తే ఈ కథే లేదు. పొయ్యలేదు.

మర్నాడు గాలి లేచింది. నిప్పు ఆకుని అందుకుంది, ఆకు గడ్డిని అందుకుంది, గడ్డి పొదని అందుకుంది. మధ్యాహ్నానికి నల్లకోన మీద సూర్యుడు కనపడలేదు. నెమళ్ళు అరుస్తూ ఊరి మీదుగా ఎగిరిపోయాయి.

ఇప్పగూడెం జనం పిల్లల్ని చంకనేసుకుని, ముసలివాళ్ళని మంచాల మీద మోసుకుని కోట గుమ్మం దగ్గరికి పరిగెత్తారు. పిల్లల్నీ ముసలివాళ్ళనీ రాతిగోడల లోపల దింపేస్తే, వయసువాళ్ళు వెనక్కి వెళ్ళి మంటని ఆపాలని వాళ్ళ ఆలోచన. వెళ్ళి చూస్తే ఏముంది? కోట తలుపులు మూసి ఉన్నాయి.

ఎందుకనుకున్నారు? ఆ రోజు రాజుగారి షష్టిపూర్తి. లోపల సన్నాయి మేళం, పూలపందిరి, పాయసం. బయటివాళ్ళు లోపలికొస్తే పందిరి తొక్కేస్తారని గడియ వేయించారు.

గురవమ్మ రెండు చేతులతో తలుపు బాదింది. "తియ్యండ్రా! పసిబిడ్డలున్నారు, తియ్యండి!"

పైనుంచి ఒక భటుడు, "మంత్రరేఖ ఉందంట. వెనక్కి పొండి" అన్నాడు. అంటూ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

జనం కదల్లేదు. ఎలా కదులుతారు, చేతుల్లో పిల్లలతో? అప్పుడు ఓబులేసు తాత తువ్వాలు తలకి చుట్టుకుని, "గురవా, భటుల కళ్ళుగప్పి మనం మేకల్ని కట్టేసే దొడ్డి బాటకి అవతల అడవి మొగదల ఉంది గదా. అన్నీ కట్టేసున్నాయి. పోయి పలుపులు కోసొస్తా" అన్నాడు.

"నువ్వు పోవద్దు తాతా! తలుపు తీస్తానే వయసోళ్ళం పోతాం."

"తీసినప్పుడు పోదురు లే. నోరులేని జీవాలు, కట్టుకొయ్యకి కాలిపోతాయి" అన్నాడు తాత. కర్ర పట్టుకుని వెళ్ళాడు.

లోపల పందిట్లో పాయసం గిన్నెల్లో బూడిద పడుతోంది. రాజుగారు బూడిద తీసి పక్కన పెట్టి పాయసం తాగుతున్నారు. చండకేతుడు విస్తరి ముందు నుంచి లేచాడు. "నాన్నగారూ, అడవి తగలబడుతోంది. గుమ్మం ముందు జనం ఏడుస్తున్నారు. తలుపు తీయించండి."

రాజుగారు కంకాళుడి వైపు చూశారు. కంకాళుడి మొహం పాలిపోయింది గాని నోరు పాలిపోలేదు. "ప్రభూ, ఇది మామూలు మంట కాదు. నా రేఖ మామూలు మంటల్ని ఆపుతుంది. ఇది ఏడు సముద్రాల అవతల ఉన్న ఒక దుష్టమాంత్రికుడు పంపిన మంట. వాడి ప్రాణం అక్కడ మర్రిచెట్టు మీద చిలకలో ఉంది. రాజకుమారులు వెళ్ళి ఆ చిలకని పట్టి తెస్తే మంట దానంతటదే ఆరిపోతుంది."

జయకేతుడు లేచి మీసం తిప్పాడు. రత్నకేతుడు లేచి దారిలో తినడానికి లడ్లు కట్టించుకున్నాడు. ఇద్దరూ జెండాలు పట్టించుకుని, బాజాలు మోగించుకుని, వెనక గుమ్మం గుండా సముద్రం దారి పట్టారు. నిప్పు పెట్టినవాళ్ళకి హారతులిచ్చి మరీ పంపారు, చూశారా?

"నువ్వూ పో, అన్నల వెనక" అన్నారు రాజుగారు.

"ఏడు సముద్రాలు దాటి వచ్చేసరికి ఇక్కడ ఎవరు మిగులుతారు నాన్నగారూ? మంట ఇక్కడుంటే నేను అక్కడికెందుకు పోతాను?"

"రాజుల కొడుకులు సముద్రాలు దాటుతారురా. గడ్డి కొయ్యరు."

చండకేతుడి చెవులు ఎర్రబడ్డాయి. నేరుగా గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. అక్కడ మొహం పక్కకి తిప్పుకున్న ఆ భటుడే నిలబడ్డాడు.

"గడియ తియ్యి."

"అయ్యా, రాజాజ్ఞ."

"బయట ఎవరున్నారో చూశావా?"

భటుడు గడియ మీద చెయ్యి వేశాడు. "మా అమ్మ ఉందయ్యా."

"మీ అమ్మ బయటుంటే నువ్వు లోపల గడియ కాస్తున్నావా! పట్టు, నువ్వో కొస, నేనో కొస."

ఇద్దరూ పట్టారు. ఆ గడియమాను ఎత్తి అవతల పారేశారు. జనం లోపలికి వరదలా వచ్చారు. పూలపందిరి నిజంగానే తొక్కేశారు. బాగా అయింది.

గురవమ్మ మాత్రం లోపలికి రాలేదు. రాజకుమారుడి ఎదురుగా నిలబడి, "ఇప్పుడా తీసేది? మా తాత ఒక్కడే పోయినాడు అడవికి!" అని అరిచింది.

చండకేతుడు గుమ్మం దాటి ఆమె పక్కకి వచ్చాడు. తప్పు ఎవరిదైనా ఆ తలుపు తన ఇంటిదే కదా. "పద. ఏం చెయ్యాలో చెప్పు, చేస్తాను" అన్నాడు.

"ముందు ఆ పట్టుబట్టలు తీసెయ్యి దొరా. రవ్వ పడితే ఒంటికి అతుక్కుంటాయి. గోనెపట్టా తడిపి కప్పుకో. ముక్కుకి తడిగుడ్డ కట్టుకో. ఒంటరిగా పోవద్దు, మంటకి ఎదురుగా పోవద్దు. పారిపోయే దారి యాడుందో ముందే చూసి పెట్టుకో. అందరికీ చెప్పు."

చండకేతుడు గుమ్మం మీదెక్కి అవే మాటలు గొంతు చించుకుని అరిచాడు. కోపం ఉన్న గొంతు కదా, కోటంతా వినపడింది. వంటవాళ్ళు గరిటెలు పారేసి వచ్చారు. సన్నాయివాళ్ళు సన్నాయిలు పక్కన పెట్టి వచ్చారు. భటులు కత్తులతోనే వచ్చారు, పొదలు నరకడానికి కత్తయితేనేం?

అగ్గిబాట ఎక్కడుందో మొదట కనపడనే లేదు. గడ్డి తలెత్తు, తుప్పలు నడుమెత్తు, ఎండాకు మోకాలిలోతు. వాగు దగ్గర మొదలుపెట్టారు. ముందు నరికేవాళ్ళు, వెనక కోసేవాళ్ళు, వాళ్ళ వెనక ఊడ్చేవాళ్ళు. ఆడవాళ్ళు వాగు నుంచి బాట పొడుగునా వరసగా నిలబడి కడవలు అందిస్తున్నారు. పచ్చి మండలు విరిచి, దాటివచ్చిన రవ్వలన్నిటినీ కొట్టి ఆర్పేవాళ్ళు కొందరు. కళ్ళలో నీళ్ళు, గొంతులో మంట. ఒక్కరు కూడా రాజుగారిని తిట్టకుండా చెయ్యి కదపలేదు. ఆ తిట్లు నేను మీకు చెప్పకూడదు. కానీ మంచి తిట్లు.

అడవి నుంచి జంతువులు పరిగెత్తుకొచ్చాయి. కుందేలు పక్కన నక్క, జింక పక్కన చిరుత, ఎవరూ ఎవర్నీ చూడటం లేదు. "దారియ్యండి, వాటిని పోనియ్యండి!" అని గురవమ్మ అరిచింది. అందరూ పక్కకి తప్పుకున్నారు.

అప్పుడు మేకలొచ్చాయి. గుంపుగా, అరుచుకుంటూ వచ్చాయి. ప్రతి మేక మెడలోనూ తెగిన పలుపు వేలాడుతోంది. గురవమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడింది. చివరి మేక కూడా వచ్చింది. దాని వెనక పొగ తప్ప ఇంకెవరూ రాలేదు.

చండకేతుడు పొగలోకి దూకబోయాడు. గురవమ్మ అతని గోనెపట్టా పట్టుకుని వెనక్కి లాగింది. "వద్దు. పోతే నువ్వూ రావు" అంది. కాసేపటికి, "పలుపులన్నీ కోసినాడు" అంది. మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది. ఇదివరకటి కంటే గట్టిగా ఊడుస్తోంది. అతనూ పక్కనే ఊడ్చాడు.

జంతువులన్నీ పోయాక మూడు మాత్రం వెనకబడ్డాయి. ఒక తాబేలు, నడవలేక. ఒక ఎలుగుబంటి, అరికాళ్ళు కాలి. ఒక కొండముచ్చు, పిల్లని చంకలో పెట్టుకుని చెట్టు దిగడానికి భయపడి. చండకేతుడు తాబేలుని చేతుల్లో ఎత్తుకున్నాడు, ఎలుగుబంటి కాళ్ళకి తడిగుడ్డ చుట్టాడు, కొండముచ్చు కిందికి దూకడానికి గోనెపట్టా పరిచి పట్టాడు.

తాబేలు మెడ బయటపెట్టి, "మంత్రరేఖ అంటున్నారు, ఏదీ? నేను రోజూ ఇటూ అటూ పాకుతాను. నా కాలికి ఏ రేఖా తగల్లేదు" అంది.

ఎలుగుబంటి, "ఆ కంకాళుడు ప్రతి అమావాస్యకీ దానిమ్మగింజలు పట్టుకుని మద్దిచెట్టు దగ్గరికి వస్తాడు. నేనడిగితే ఒక్క గింజ పెట్టలేదు" అంది. దాని కోపం దానిది.

కొండముచ్చు, "ఆ తొర్రలో చిలకుంది. నా ప్రాణం జాగ్రత్త, నా ప్రాణం జాగ్రత్త అని వాడు దానికి చెప్పి పోతాడు. అది లోపల ఏడుస్తోంది ఇప్పుడు" అంది.

చండకేతుడికి అంతా అర్థమైంది. "తీసుకురండి" అన్నాడు. ఎలుగుబంటి కుంటుకుంటూ వెళ్ళి తొర్రకి అడ్డమున్న రాయి లాగేసింది. కొండముచ్చు చెయ్యి పెట్టి పంజరం బయటికి తీసింది. తాబేలు ఏం చేసిందంటారా? కదలకుండా కూర్చుని, "జాగ్రత్త, జాగ్రత్త" అంది. అలాంటివాళ్ళూ ఉంటారు.

చిలక రెక్కలు బూడిద కొట్టుకుపోయి ఉన్నాయి. "నన్ను ప్రాణం అంటాడు. నీళ్ళు పెట్టి ఎన్నాళ్ళయిందో" అంది.

అంతలో కంకాళుడే వచ్చాడు. గాలి మద్దిచెట్టు వైపు తిరిగిందని కోట మీద నుంచి చూసి, జుట్టు విరబోసుకుని పరిగెత్తుకొచ్చాడు. "అందరూ ఇళ్ళకి పొండి! పొండి! నేను మంత్రం వేస్తాను, మీరుంటే పారదు!" అని చేతులూపాడు. మాట్లాడుతూనే పంజరం చూశాడు. చూసి అక్కడే కూలబడ్డాడు.

విషయం తెలిసిన జనం ఒక్కసారిగా, "మెడ విరిచెయ్ దొరా!" అని అరిచారు. చండకేతుడు పంజరంలో చెయ్యి పెట్టాడు. వేళ్ళ మధ్య చిలక గుండె కొట్టుకోవడం తెలుస్తోంది. అవతల కంకాళుడు తన మెడ తనే పట్టుకుని గిలగిల్లాడుతున్నాడు. చండకేతుడికి వచ్చిన కోపానికి ఒక్క క్షణం చాలు.

"ఆగు దొరా" అంది గురవమ్మ. "చిలక ఏం చేసింది? వాణ్ణి చంపితే మంట ఆరుతుందా? ఊడ్చే చేతులు రెండు తగ్గుతాయి, అంతే."

చండకేతుడు చెయ్యి బయటికి తీశాడు. పంజరాన్ని అగ్గిబాట మధ్యలో ఒక గుంజ పాతి దానికి వేలాడదీశాడు. "కంకాళా, ఇంతకాలం మా ప్రాణాలు ఇక్కడున్నాయి, నీ ప్రాణం దాక్కుంది. ఇప్పుడు నీదీ మా పక్కనే ఉంది. మంట ఈ బాట దాటితే ముందు పోయేది నువ్వే. చూపించు నీ మంత్రం."

కంకాళుడు మొదట ఒక మంత్రం చదివాడు. గుప్పెట్లోంచి విభూతి రాలింది. రెండో మంత్రం చదివాడు. పొగ కాసేపు నీలంగా మారింది. మూడో మంత్రం సగంలో ఆపి, ఏడుపు మొహంతో, "కొడవలి ఉందా?" అని అడిగాడు.

ఆ తర్వాత వాడు పని చేసిన చోద్యం చూడాలి! గడ్డం సగం కాలింది, చేతులు బొబ్బలెక్కాయి. ఎగిరివచ్చిన ప్రతి రవ్వ వెనకా మండ పట్టుకుని పరిగెత్తాడు. గురవమ్మ గదిమితే, "అట్నే తల్లీ, అట్నే తల్లీ" అన్నాడు.

బాట నల్లబండ దాకా వచ్చింది. అక్కడ అందరూ ఆగిపోయారు. ఎదురుగా చివరి ముక్క ఉంది, గడ్డీ తుప్పా నిండుగా. అది రాజు వంతు. మంట చప్పుడు వినపడుతోంది, వేడికి మొహాలు మాడుతున్నాయి, అయినా ఒక్కడూ ముందుకి అడుగెయ్యడం లేదు.

"రాజు వంతు ముట్టుకుంటే రాజు చచ్చినట్టు" అన్నారు ముసలివాళ్ళు. "మాకు ఆ పాపం వద్దు."

చండకేతుడికి అంతవరకూ రాని కోపం అప్పుడొచ్చింది. "తలుపు మూసుకుని పాయసం తాగిన రాజు బతికున్నాడని మీకెవరు చెప్పారు? చచ్చాడనే అనుకోండి!" అని కొడవలి పట్టుకుని రాజు వంతులోకి దిగాడు. జనం నోళ్ళు తెరిచారు.

సరిగ్గా అప్పుడే నల్లబండ పక్క దారిలో పల్లకీ ఒకటి పరిగెత్తుకుంటూ వచ్చింది. అందులో ఎవరంటారు? రాజుగారే. కోటలోకి పొగ వచ్చిందని, జనాన్నీ కోటనీ వదిలేసి, నగల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, మెడలో షష్టిపూర్తి దండతో రేవు దగ్గరికి పారిపోతున్నారు. ఆ దారి రాజు వంతు మధ్యగా పోతుంది.

పల్లకీ మోసే బోయీలు ఆ ఊరివాళ్ళే. గడ్డి కోస్తున్న రాజకుమారుణ్ణి చూశారు. మసిబారిన తమ వాళ్ళని చూశారు. పల్లకీని మెల్లగా కిందికి దించి, తలగుడ్డలు నడుముకి బిగించి, పనిముట్ల కోసం చేతులు చాపారు.

"ఎత్తండ్రా! నేనెవరో తెలుసా?" అని రాజుగారు కేకలేశారు.

చండకేతుడు వెళ్ళి పల్లకీ తెర తీశాడు. చేతిలో చీపురు పెట్టాడు. "తెలుసు నాన్నగారూ. ఈ వంతు మీది. మీరు ఊడిస్తే వీళ్ళు సాయం పడతారు. ఊడవకపోతే మంట వచ్చేది ముందు మీ పల్లకీ మీదికే. ఆపైన మీ ఇష్టం."

రాజుగారు అడవి వైపు చూశారు. మోసేవాడు లేని పల్లకీ వైపు చూశారు. నగల పెట్టె పక్కన పెట్టి దిగి, ఒక్క చీపురు వేశారు. అంతే! గుంపంతా దిగింది. రెండు చీపుళ్ళు, మూడు చీపుళ్ళు వేసేలోపు ఆ ముక్క నేల తేలింది. నడుము నొప్పి మాట ఎవరూ అడగలేదు, ఆయనా ఎత్తలేదు.

ఇక మిగిలింది ఎదురుమంట. వినండి, ఇది తెలుసుకోవాల్సిన సంగతి. పెద్ద మంట దగ్గరికొచ్చేసరికి చుట్టూ ఉన్న గాలిని తనవైపే లాక్కుంటుంది. ఆ అదను చూసి, ఊడ్చిన బాటకి అవతలి అంచున మనమే చిన్న మంట పెడితే, అది వెనక్కి రాకుండా పెద్దమంటకి ఎదురు పోతుంది. దారిలో ఉన్న గడ్డంతా అదే తినేస్తుంది. కానీ బాట ఎక్కడా తెగకుండా ఉండాలి, అదను చూసే పెద్దవాళ్ళుండాలి. మీరు ఆటకి చేశారో, చెవులు మెలేస్తాను.

గురవమ్మ చెయ్యెత్తి గాలి చూసింది. జనమంతా తడి మండలు పట్టుకుని బాట పొడుగునా నిలబడ్డారు. రాజుగారి ఒక పక్కన కుమ్మరి, ఇంకో పక్కన కంకాళుడు. వాళ్ళ నెత్తి మీద, గుంజకి వేలాడుతూ, తుంగచాప తడిపి కప్పిన పంజరంలో చిలక.

"ఇప్పుడు!" అంది గురవమ్మ.

చిన్నమంట లేచింది. అందరూ గుండెలు చిక్కబట్టుకుని చూశారు. అది ఒకసారి ఇటు ఊగింది, ఒకసారి అటు ఊగింది, మూడోసారి తల వంచుకుని అడవి వైపు పరిగెత్తింది. పెద్దమంటా చిన్నమంటా ఎదురుబొదురయ్యాయి, ఆకాశమంత ఎత్తు లేచాయి. తినడానికి ఇటు ఏమీ లేదు, అటు ఏమీ లేదు. మెల్లగా కూలాయి. వాగు నుంచి నల్లబండ దాకా ఒక్కచోట కూడా మంట బాట దాటలేదు.

ఇప్పగూడెం నిలిచింది. సగం అడవి మిగిలింది. ఓబులేసు తాత మిగల్లేదు. నేల చల్లబడ్డాక వెళ్ళి చూస్తే దొడ్డి గుమ్మం దగ్గర ఆయన కొడవలి దొరికింది. గురవమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని, అప్పుడు ఏడ్చింది. చండకేతుడు పక్కన నిలబడ్డాడు. ఊరుకోమని అనలేదు.

రాజుగారిని ఆ తర్వాత ఎవరూ సింహాసనం ఎక్కనివ్వలేదు. కిరీటం చండకేతుడికి పెట్టారు. కంకాళుణ్ణి ఉరితియ్యమన్నారు కొందరు. కొత్తరాజు పంజరం తలుపు తీసి, చిలకని మద్దిచెట్టు మీదికి వదిలేశాడు. "దాని ఇష్టం వచ్చిన కొమ్మ మీద ఉంటుంది. నీ ప్రాణం అడవిలో తిరుగుతోంది, ఇక అడవిని ఎలా కాచుకుంటావో కాచుకో" అన్నాడు. అప్పటినుంచి కంకాళుడు నల్లబండ మీద గుడిసె వేసుకుని పొగ కోసం చూస్తూ ఉండేవాడు. రెప్ప వాలితే ఒట్టు.

చాలా కాలానికి అన్నలిద్దరూ సముద్రాలు దాటి తిరిగొచ్చారు. బాజాలతో ఒక చిలకని తెచ్చారు. "మాంత్రికుడి ప్రాణం తెచ్చాం!" అని జయకేతుడు అరిచాడు. ఆ చిలక, "జామకాయ" అంది. దానికి వచ్చిన మాట అదొక్కటే. చండకేతుడు చిలకకి జామకాయ పెట్టించి, అన్నలిద్దరికీ చీపుళ్ళిచ్చి, మీరు ఆర్పని పొయ్యిరాళ్ళు అక్కడే దొరికాయి, మీరు కాల్చిన అడవిలో కొత్త మొక్కలు పెట్టి మీ ఎత్తు పెరిగేదాకా నీళ్ళు పొయ్యండని పంపాడు. వెళ్ళేటప్పుడు, "చెంబులు మరిచిపోకండి" అన్నాడు.

కొత్తరాజు గురవమ్మని పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. గురవమ్మ, "కోట గుమ్మానికి గడియ ఉన్నంతకాలం ఆ ఇంట్లో కాపురం చెయ్యను" అంది. చండకేతుడు ఆ గడియమాను చీల్పించి పెళ్ళివంటకి పొయ్యిలో పెట్టించాడు. దాని మీద వండిన అన్నం రాజ్యమంతా తిన్నారు. పొయ్యి ఆర్పడానికి మాత్రం రాజూ రాణీ కలిసి కడవతో నీళ్ళు పోశారు. నిప్పంతా చల్లారిందని చేత్తో తాకి చూశాకే లేచారు.

వాళ్ళు చాలాకాలం చల్లగా ఏలారు. ఏటా శివరాత్రి వెళ్ళగానే అగ్గిబాట ఊడ్చేవారు. చండకేతుడు తన వంతులో మొదటి చీపురు వేసే ముందు ఒక పేరు గట్టిగా పిలిచేవాడు. జనమంతా ఆ పేరు అందుకుని వాగు నుంచి నల్లబండ దాకా పిలిచేవారు. అతని కొడుకులూ అలాగే పిలిచారు, మనవలూ అలాగే పిలిచారు.

షష్టిపూర్తి చేసుకున్న ఆ రాజుగారి పేరు ఏమిటో ఇప్పుడు ఆ రాజ్యంలో ఒక్కరికీ గుర్తులేదు. నేనెందుకు గుర్తుపెట్టుకోవాలి? మీరు గుర్తుపెట్టుకోవాల్సిన పేరు ఇంకొకటుంది. మేకల పలుపులన్నీ కోసిన తాత పేరు. ఏదీ, అందరూ ఒక్కసారి గట్టిగా చెప్పండి.

ఓబులేసు.

ఇంకా గట్టిగా.